పాత కొసకు కొత్త కొస

మా నాయినకు స్కూటరు నడపడం కన్నా ముందు విప్పడం వచ్చింది. 1994లో గద్వాలలో బదిలీ మీద పోతున్న ఒక ఉద్యోగి దగ్గర ఆయన బజాజ్ చేతక్ కొన్నాడు. అప్పటికి దానికి ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఎనిమిది వేలకు వచ్చింది. మా ఊరు మల్దకల్‌కు అది తన చక్రాల మీద రాలేదు. తాత ఎద్దుల బండి కట్టుకుని పోయి, జొన్నచొప్ప పరిచి, దాని మీద పడుకోబెట్టి తెచ్చాడు. దారి పొడవునా పెట్రోలు కారుతూనే ఉందట. ఆ వాసనకు ఎద్దులు మాటిమాటికీ తలలు విదిలించాయట. వీధి మొదట్లో ఎదురైన ఒక పెద్దాయన బండిలోకి తొంగి చూసి, "ఏమప్పా, ఏం రోగమొచ్చె దీనికి?" అని అడిగిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాది మగ్గం ఇల్లు. గద్వాల చీర అని లోకం పిలిచేది గద్వాల పట్నంలోనే నేస్తారనుకుంటారు చాలామంది. చుట్టూ మా నడిగడ్డ ఊళ్లలోనూ గుంట మగ్గాలు ఆడేవి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచులకు వేరే నాడెలు, నడుమకు వేరే నాడె. నూలు పేకా పట్టు పేకా అంచు దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి తిరగాలి. ఆ పట్టు వదులైతే చీర అక్కడే చిరుగుతుంది. నేసిన చీరలు గద్వాల తీసుకుపోయి షావుకారుకు అప్పజెప్పాలి, నూలూ పట్టూ జరీ తెచ్చుకోవాలి. అదంతా బస్సులోనే. మూట నలుగుతుంది. పక్కన కూర్చున్న మనిషి సంచిలో నూనె సీసా ఉందో, మామిడిపండ్లు ఉన్నాయో తెలియదు. నాయిన స్కూటరు కొన్నది షోకుకు కాదు, చీరల కోసం.

చేతక్ అంటే అప్పటికి ఇరవై రెండేళ్ల పేరు. ఇటలీ వెస్పా వాళ్లతో ఒప్పందం 1971లో ముగిశాక, మరుసటి ఏడు బజాజ్ కంపెనీ రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి దాన్ని బజారులోకి తెచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఎన్ని బండ్లు చేయాలో సర్కారే లెక్క గట్టిన కాలంలో, ముందే డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లున్నారు. చీటీ చేతికొచ్చాక దాన్నే లాభానికి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. కట్నాల లెక్కలో ఎకరాల తర్వాత దానిదే చోటు. 1994 నాటికి ఆ వరుస కరిగిపోయింది గానీ కొత్త బండి ధర మాత్రం మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

ఊళ్లో స్కూటరు మెకానిక్ లేడు. సైకిలు షాపు ఉండేది. ట్రాక్టరు చెడితే గద్వాల నుంచో అయిజ నుంచో మిస్త్రీ వచ్చేవాడు. చేతక్‌ను గద్వాల మెకానిక్ దగ్గర పెడితే ఎంతవుతుందని నాయిన అడగనే లేదు. మగ్గం గదిలో గుంట పక్కన పాత దుప్పటి పరిచి, పకడూ స్క్రూడ్రైవరూ రెండు పానాలూ పెట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు.

నేతగానికి దారాల చిక్కంటే భయం ఉండదు. హ్యాండిలు మీది డూము తీయగానే లోపల గేరు వైర్లు రెండు, క్లచ్చుది ఒకటి, ముందు బ్రేకుది ఒకటి, యాక్సిలేటరుది ఒకటి, వాటి సందుల్లో కరెంటు తీగలు. నాయిన ఒక్కొక్కదానికి ఒక్కో రంగు నూలుపోగు కట్టాడు. క్లచ్చుకు ఎరుపు, బ్రేకుకు పసుపు, గేర్లకు పచ్చ. ఊడిన ప్రతి బోల్టుకూ అది ఏ కన్నంలోంచి వచ్చిందో ఆ కన్నానికీ ఒకే రంగు ముడి. కొన్ని ముడులు తర్వాత విప్పనేలేదు. పదేళ్ల తర్వాత ఒకసారి డూము తీస్తే, గ్రీజు పట్టి నల్లబడిన పచ్చ పోగు ఇంకా గేరు వైరుకే ఉంది.

నెల పట్టింది. రోగం రెండు చోట్ల ఉందని తేలింది. ఒకటి, ఫ్లైవీలు వెనకాల ఉండే పాయింట్లు తుప్పు పట్టి నిప్పురవ్వ పుట్టడం లేదు. రెండు, సైలెన్సరు మసితో మూసుకుపోయింది. బండి మొదటిసారి రాజుకున్న సాయంత్రం గది నిండా పొగ. మగ్గం మీద తెల్ల పడుగు సాగదీసి ఉంది. అమ్మ పరుగున వచ్చి దాని మీద దుప్పటి కప్పి, ఆ తర్వాత నాయినను తిట్టడం మొదలుపెట్టింది. ఆయనకు ఏమీ వినిపించలేదు. ఇంజను చప్పుడు వింటూ నవ్వుతున్నాడు.

ఆ పాయింట్ల సంగతి కొంచెం చెప్పాలి, ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు కాబట్టి. కుడి వైపు డోరు తీస్తే ఇంజను. దాని ఫ్లైవీలుకు కిటికీల్లాంటి కన్నాలుంటాయి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ కిటికీలోంచి చూస్తే, రెండు చిన్న లోహపు పెదవులు కలుస్తూ విడిపోతూ కనిపిస్తాయి. అవి విడిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ. ఎంత విడవాలన్నదే అసలు కిటుకు. మెకానిక్‌ల దగ్గర దానికి కొలత రేకులుంటాయి. నాయిన దగ్గర శుభలేఖ ముక్క ఉండేది. ఏ పెళ్లి కార్డయినా సరిపోదు, మరీ పల్చనిది పనికిరాదు. కార్డు ఇంటికొస్తే ముహూర్తం చదవకముందే రెండు వేళ్ల మధ్య పట్టి మందం చూసేవాడు. ప్లగ్గు సందుకేమో హాక్సా బ్లేడు కొలత. గరుకు కాగితంతో ప్లగ్గు రుద్ది, ఊది, బ్లేడు దూర్చి చూసి, "ఊఁ" అంటే ఆ ఆదివారం పని అయినట్టే.

బ్యాటరీ లేని బండి మాది. ఇంజను ఎంత పరుగెత్తితే లైటు అంత వెలుగు. రాత్రిపూట గుంతలున్న చోటే మెల్లగా పోవాలి, మెల్లగా పోతే లైటు తగ్గిపోతుంది. వెలుతురు బాగా కావలసిన చోటే అది ఉండదన్నమాట. క్లచ్చు సగం పట్టి, ఇంజనును ఒట్టిగా అరిపిస్తూ గుంత దాటించేవాడు నాయిన. ఆ అరుపు విని మా వీధిలో కుక్కలు లేచేవి, అమ్మ పొయ్యి మీద రొట్టె పెనం పెట్టేది.

అలా సగం పట్టీ పట్టీ క్లచ్చు వైరు తెగేది. తెగడమంటే ఒక్కసారిగా కాదు. లివరు దగ్గర సన్నని పోగులు ఒక్కొక్కటే తెగుతూ, వేలికి గుచ్చుకుంటూ వారం ముందే చెబుతాయి. విన్నవాడు వింటాడు. ఒకసారి లోపలి తీగతో పాటు పైన తొడుగు కూడా తుప్పు పట్టి బిగుసుకుంది. మొత్తం మార్చాలి. హ్యాండిలు దగ్గర మొదలై బండి ఒంట్లోంచి వంపులు తిరిగి ఇంజను కింద తేలే దారి అది. కొత్తదాన్ని పైనుంచి నెడితే పోదు. పాతదాని కొసకు కొత్తదాని కొస కట్టి, కింద నుంచి పాతదాన్ని లాగితే కొత్తది వెంట రావాలి. నాయిన బైండింగు వైరుతో ముడి వేశాడు. వంపు దగ్గర ముడి తట్టుకుని ఆగింది. గట్టిగా లాగితే ఊడింది. రెండోసారి గుడ్డ పేలిక చుట్టి వేశాడు, అదీ ఊడింది. చీకటి పడుతోంది. టార్చి పట్టుకుని నేను నిలబడ్డాను, తెల్లారితే గద్వాల పోవాలి.

అమ్మ అప్పటిదాకా వాకిట్లో కండెలు చుడుతోంది. లేచి వచ్చి, "జర జరుగు" అంది.

మగ్గం ఇళ్లలో అచ్చు అతకడమని ఒక పని ఉంది. ఒక పడుగు నేసి అయిపోయాక మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల కొసలు ఒక్కొక్కటే కలపాలి. వేల పోగులు. ముడి వేయకూడదు, ముడి వేస్తే పన్నె పళ్ల సందులోంచి దూరదు. వేలికి బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి నులమాలి. అతికిన చోటు తెలియకూడదు. మా వీధిలో ఆ పనికి అమ్మ చేయి పేరుమోసింది.

ఆమె పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చుకుంది. పాత తీగ కొసను పకడుతో పోగులు పోగులుగా విప్పింది. కొత్తదాని కొసనూ అలాగే విప్పింది. ఒకదాని పోగుల్లోకి ఇంకొకదాని పోగులు జొనిపి, బూడిద వేలితో నులిమి, పైన వేస్టు పట్టు దారం బిగించి చుట్టింది. దారపు కొసను పంటితో తెంపింది. "లాగు" అంది. నాయిన కింద కూర్చుని లాగాడు. వంపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టయి, జారింది. కొత్త వైరు ఇంజను కింద నల్లగా మెరుస్తూ తల బయటపెట్టింది. అమ్మ చేతులు కడుక్కుని మళ్లీ కండెల దగ్గరికి పోయింది. తర్వాతెప్పుడూ ఆ పని నాయిన చేయలేదు. తొడుగు మార్చాల్సి వస్తే, బయట బండి ఆపి, "ఏమే, పనుంది రా" అనేవాడు.

వైర్లకు నూనె మాత్రం తాత శాఖ. తాతది ఎద్దుల బండి చదువు. ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన చేసి, బండి చక్రం ఊడదీసి ఇరుసుకు పూసిన చేతులు. పాలమూరు మెట్టల్లో ఆముదానికి కొదవ లేదు, సీసా ఎప్పుడూ ఇంట్లో ఉండేది. "ఇరుసు ఏడ్చినంక పోసుడు కాదురా, ఏడ్వకముందే పొయ్యాల" అని, ప్రతి అమావాస్యకూ స్కూటరు వైర్ల నోట్లో రెండేసి చుక్కలు వదిలేవాడు. బాగానే జారేవి. కానీ ఆముదం కొన్నాళ్లకు జిగురవుతుంది. మార్గశిరం చలిలో, సరిగ్గా మా ఊరి తిమ్మప్ప జాతర రోజుల్లో, చుట్టాలంతా ఊళ్లో ఉన్నప్పుడు మా బండి గేర్లు పడేవి కావు. రెండో గేరు కోసం నాయిన మణికట్టు మెలిపెట్టి తంటాలు పడుతుంటే అత్త కొడుకులు నవ్వేవారు. తాతతో గొడవ పెట్టుకోకుండా, ఆయన చూడనప్పుడు ఆ సీసాలో నాయిన కొంచెం ఇంజనాయిలు కలిపి పెట్టాడు. తాత పోయేదాకా ఆముదమే పోస్తున్నానని అనుకున్నాడు.

రంగుల పనికి తెచ్చిన కాస్టిక్ సోడాతో నాయిన చేసిన ఒక గొప్ప పనీ ఒక పెద్ద తప్పూ ఉన్నాయి. లీటరు పెట్రోలుకు ఇరవై మిల్లీలీటర్ల నూనె కలిపి తాగే ఇంజను అది. కాలీ కాలని ఆ నూనెంతా మసిగా మారి సైలెన్సరులో పేరుకుంటుంది. ఊళ్లలో దాన్ని ఊడదీసి పిడకల మంటలో కాల్చేవారు. నాయిన ఒక కొసకు చెక్కబిరడా కొట్టి, కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లు పోసి, రాత్రంతా వాకిట్లో నిలబెట్టాడు. నూలు మీది జిడ్డు వదిలించేది ఇనుము మీది జిడ్డు ఎందుకు వదిలించదని ఆయన వాదన. పొద్దున వంచితే రాగిసంకటి లాంటి నల్ల ముద్ద జారింది. బండి గొంతు విప్పింది. గద్వాల పోయేదారిలో ఆ వారం ఎవరితోనూ వేరే మాట లేదు.

ఆ హుషారులో ఇంజను హెడ్డు మీది మసి కూడా అలాగే తీద్దామని, దాన్ని అదే నీళ్లలో వేశాడు. సైలెన్సరు ఇనుము, హెడ్డు అల్యూమినియం. పాలు పొంగినట్టు తెల్లగా పొంగింది. నాయిన సంబరపడ్డాడు, మసి పోతోందని. కట్టెపుల్లతో తీసి చూసేసరికి హెడ్డుకు అమ్మవారు పోసినట్టు గుంతలు. ఆ పొంగులోంచి వచ్చింది హైడ్రోజన్ అనీ, పక్కనే పొయ్యి ఉంటే అంటుకునేదనీ నేను ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివేటప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి చెప్తే, "ఇప్పుడు చెప్తే ఏం లాభం" అన్నాడు. కర్నూలులో పాత సామాన్ల కొట్టు నుంచి ఇంకో హెడ్డు తేవడానికి రెండు చీరల కూలి పోయింది.

బండికి నాయిన చేసిన సోకు కూడా చీరల కోసమే. వెనక సీటు తీసేసి ఆ చోట వేపచెక్క పెట్టె బిగించాడు, పురుగు పట్టదని. లోపల మెత్తని పాత నూలు చీర మేకులతో కొట్టాడు. మూతకు వాన దిగకుండా సైకిలు ట్యూబు అంచు. పెట్టె కదలకుండా లారీ ట్యూబు కోసిన పట్టీలు. ఎందుకంత జాగ్రత్తంటే, మొదటి ఏడు ఒక చీర కొంగుకు గ్రీజు అంటింది. షావుకారు ఏమీ అనలేదు, చీర వెనక్కి ఇచ్చి లెక్కలో కూలి కోసుకున్నాడు. అప్పటినుంచి బండి ముట్టుకున్న చేతులకు కిరసనాయిలు, తర్వాత సబ్బు, తర్వాత మెత్తటి బూడిద, అంత అయ్యాక గానీ మగ్గం గుంటలో దిగేవాడు కాదు. పెట్టె వచ్చాక అమ్మకు కూర్చునే చోటు పోయింది. పెళ్లిళ్లకు పోవాలంటే పెట్టె మీదే బొంత మడిచి వేసుకుని, అందరికన్నా ఎత్తున కూర్చుని పోయేది. దసరాకు నాడే, పన్నే, ప్లగ్గు పానా ఒకే పీట మీద కుంకుమ బొట్లతో ఉండేవి.

మీటరులో ఐదంకెలు. 99,999 దాటితే మళ్లీ సున్నాలు. అది ఎప్పుడు తిరుగుతుందా అని నేనూ తమ్ముడూ ఏళ్లకేళ్లు ఎదురుచూశాం. తొంభై తొమ్మిది వేల ఎనిమిది వందల చిల్లర దగ్గర మీటరు వైరు తెగింది. నాయినకు అది తొందర పని కాదు, బండి నడవడానికి మీటరు అవసరం లేదు. నాలుగు నెలలు అలాగే తిరిగాడు. అసలు లక్ష ఏ రోజు, ఏ మలుపులో నిండిందో ఎవరికీ తెలియదు. వైరు వేశాక ఒక ఆదివారం మా కళ్ల ముందే అంకెలన్నీ కలిసి సున్నాలయ్యాయి. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాయిన "తప్పుడు లెక్కకు సంబరమేందిరా" అంటూనే ఆ రోజు గద్వాల నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు.

ఆ రోజులు బంగారమని నేను అనను. పొగకు మా చొక్కాలు కంపు కొట్టేవి. వానలో ప్లగ్గు తడిస్తే గంటలు గంటలు రోడ్డు మీదే. తమ్ముడి ఇప్పటి బండి బటను నొక్కితే లేస్తుంది, పొగ కనిపించదు, లీటరుకు మా చేతక్ కన్నా ఎక్కువ దూరమే పోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక పెట్రోలు కొలత కూడా కార్బురేటరు చేతిలోంచి కంప్యూటరు చేతిలోకి పోయింది. మొన్న ఆ బండి మీటరులో నారింజరంగు లైటు వెలిగితే నాయిన కుడివైపు కూర్చుని అలవాటుగా డోరు కోసం తడిమాడు. విప్పడానికి ఏమీ దొరకలేదు. సర్వీసు సెంటరులో కుర్రాడు ఒక వైరు గుచ్చి, తెర చూసి, సెన్సరు మార్చాడు. నిమిషాల పని. నాయిన ఆ కుర్రాణ్ని "ఎందుకు పోయింది నాయనా అది?" అని అడిగాడు. "పోయింది సార్, మార్చేశాం" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, తెర కూడా అంతవరకే చెప్పింది.

చేతక్ తయారీ ఆగిపోయాక సామాన్లు దొరకడం తగ్గింది. మగ్గాలూ అప్పుడే తగ్గాయి. మా ఈడు పిల్లల్లో కొందరు చదువులకు, కొందరు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనులకు పోయారు. చుట్టుపక్కల అచ్చు అతికే చేతులు ఇప్పుడు వెతికితే గానీ దొరకవు. కంపెనీ చేతక్ పేరును మళ్లీ తెచ్చింది, 2020లో, కరెంటు బండికి. అందులో ప్లగ్గు లేదు, పాయింట్లు లేవు, క్లచ్చు వైరు లేనే లేదు. షోరూములో చూపిస్తే నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పేరు బాగుంది" అన్నాడు.

మా బండి మగ్గం గదిలోనే ఉంది. పూడ్చేసిన గుంట మీద నిలబెట్టాం. నంబరు పలక మీద ఇంకా ఏపీ 22. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, మా జిల్లాకు ఇప్పుడు 33 నంబరు. మీటరు 41 వేల చిల్లర చూపిస్తుంది, దానికి లక్షా, లెక్కలోకి రాని ఆ నాలుగు నెలలూ కలుపుకోవాలి.

మీ ఇంట్లోనూ అలాంటిదొకటి మూలన ఉంటే, ఇనుప సామాన్ల వాడికి వేయడం తర్వాత సంగతి, ముందు ఒక పని చేయండి. ట్యాంకులో మురిగిన పెట్రోలు తీసేయండి. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో నాలుగు చుక్కలు ఇంజనాయిలు వేసి, కిక్కు మీద కాలు పెట్టి మెల్లగా నాలుగైదు సార్లు దించండి. పిస్టను పట్టేయకుండా ఉంటుంది. ఆముదం మాత్రం వేయకండి.